మిద్దె తోటకి చెరువు మట్టి తెప్పించిన, ఒక వానాకాలం వాడినంక రివ్యూ (4/5)

ఏప్రిల్ నెలల చెరువు మట్టి 6 బస్తాలు తెప్పించిన, ఒక్కోటి 25 కిలోలు, హైదరాబాద్ బయట నుంచి ఒకాయన ట్రాలీ ఆటోల తెచ్చి మిద్దె మీదికి మోసి మరీ ఇచ్చిపోయిండు. తెచ్చిన వారంలనే రాయొద్దని ఆగిన, ఇప్పుడు బీర, సొర, తోటకూర అన్నీ తిన్నంక రాస్తున్న.

బస్తా విప్పంగనే నల్లటి గడ్డలు, నడుమ నత్త గుల్లలు, కుళ్లి పొడైన ఆకులు. కొన్ని నీళ్లు చల్లితే వచ్చిన వాసనకి కాసేపు అక్కడ్నే కూసున్న. ఎండాకాలం మా ఊరి చెరువు ఎండినంక తాత ఎడ్లబండి కట్టుకొని తోలుకొచ్చే మట్టి వాసన అదే. "ఇది పోసినంక మూడేండ్లు ఎరువు గురించి సోచాయించుడు లేదురా" అనేటోడు తాత.

ఎందుకట్ల అనేటోడో తర్వాత అర్థమైంది. మా దిక్కు ఎర్ర చల్క నేలలు, కింద గ్రానైట్ బండ, వాన పడితే నీళ్లు నిలవవు, పోయేటప్పుడు పైపైన ఉన్న సన్న బంకమన్ను, ఆకు అలం, పశువుల పేడ అన్నీ పట్టుకొని చెరువులకు పోతయి. అంటే ఈ బస్తాల ఉన్నది ఎవరెవరి చేన్లల్ల నుంచో జారిపోయిన సత్తువే, చెరువు దాన్ని పట్టి ఉంచింది అంతే.

ఆ చెరువులు కూడా ఊకె వచ్చినయి కావు కదా. మన తెలంగాణ నేల ఎత్తు మీద ఉంటది, గోదావరి, కృష్ణ లోతుల పారుతయి, వాన నీళ్లు ఆపుకునుడు తప్ప వేరే దారి లేదు, అందుకే కాకతీయుల కాలంల వాలు చూసుకొని గుట్టకి గుట్టకి నడుమ కట్ట పోసిండ్రు, పాకాల, లక్నవరం, రామప్ప అన్నీ అట్ల వచ్చినయే. రామప్ప గుడి శాసనం 1213 ది, వేయించింది గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు, ఆ చెరువు కింద ఇప్పటికీ వరి పండుతుంది! పై చెరువు నిండి మత్తడి (అలుగు) దూకితే ఆ నీళ్లు కింది చెరువుకి, అక్కడ నిండితే ఇంకో దానికి, గొలుసుకట్టు అనేది అందుకే. తూము తీసి ఎవరి మడికి ఎంత పారాలెనో చూసే నీరటి, కట్ట మీద మైసమ్మ, బతుకమ్మలు సాగదోలే రేవు, ఊరంతా చెరువు చుట్టే అల్లుకుంది.

నాకు అన్నిటికంటే నచ్చే సంగతి పూడిక. ప్రతి వానకి చెరువుల మట్టి చేరుతనే ఉంటది, తియ్యకపోతే మెల్లగా పూడిపోతది. తియ్యమని ఎవరికీ చెప్పే పని లేకుండె, రైతుకి ఆ మట్టి కావాలె కాబట్టి ఎండాకాలం బండ్లు వాటంతట అవే పోయేటియి. ఎప్పుడైతే బోర్లొచ్చినయో, యూరియా బస్తా దుకాణంల దొరికిందో, బండ్లు ఆగినయి. అటు చేను సత్తువ పాయె, ఇటు చెరువు పూడిపాయె. 2015 ల చెరువుల పూడిక తీసే సర్కారు పథకం మిషన్ కాకతీయ మొదలైనప్పుడు రైతులు సొంత ట్రాక్టర్లు పెట్టుకొని మట్టి తోలుకపోవుడు చూసి నాకైతే మస్తు సంతోషమైంది.

సరే, వాడకం. ఒట్టి చెరువు మట్టే కుండీల నింపకండి, ఎండినంక ఇటుక లెక్క గట్టిపడి పగులుతది, వేర్లకి గాలి ఆడదు, నేను మొదటి రెండు కుండీలు అట్లనే పాడు చేసిన. ఒక వంతు ఇది, ఒక వంతు ఎర్రమట్టి, ఒక వంతు మాగిన పశువుల ఎరువు, కొంచెం దొడ్డు ఇసుక కలిపినంక సెట్ అయింది. మే ఎండలల్ల రోజుకి రెండుసార్లు పోసే నీళ్లు ఒక్కసారికి వచ్చినయి, బీర తీగ పందిరి దాటి పక్కింటి గోడ ఎక్కింది.

ఒక స్టార్ ఎందుకు తీసిన అంటే, ఒక బస్తాల గాజు పెంకులు, ప్లాస్టిక్ కవర్లు వచ్చినయి. ఫోన్ చేస్తే తెల్లారే ఇంకో బస్తా ఇచ్చిండు, అది మెచ్చుకోవాలె. కానీ ఏ చెరువుది అని అడిగితే సరిగ్గ చెప్పలే. నాకు అది చిన్న విషయం కాదు. సిటీల డ్రైనేజీ, ఫ్యాక్టరీ నీళ్లు కలిసిన చెరువు మట్టిల కూరగాయలు పెట్టొద్దు. ఇంకోటి, పూడిక అంటే పైపైన సమంగ గీకి తీసేది, ఇటుక బట్టీల కోసం జేసీబీతోని ఒక్క కాడ బావి లెక్క తవ్వితే చెరువు ఖరాబైతది, ఆ గుంతలల్ల పడి పిల్లల పానాలు పోతున్నయి. మీరు కొనేటప్పుడు చెరువు పేరు, పంచాయతీ పర్మిషన్ రెండూ అడగండి, చెప్పకపోతే కొనకండి. నేను కూడా ఆ పేరు చెప్పినంకనే ఇంకో 4 బస్తాలు తీసుకుంట అని ఆయనకి చెప్పిన.