చిన్న వాల్వు ప్రీయాంప్: నాలుగేండ్లు వాడినంక నా మాట

మాది నల్లగొండ. నాయిన ఒకప్పుడు ప్రకాశం బజార్ల రేడియోలు రిపేర్ చేసేటోడు. మా ఇంట్ల వాల్వు రేడియో ఉండె (వాల్వు అంటే ట్రాన్సిస్టర్లు రాకముందు సిగ్నల్‌ను పెంచే, గాలి తీసేసిన గాజు బుడ్డి), స్విచ్ ఏసినంక వాల్వులు ఎర్రగై వేడెక్కితెగాని సప్పుడు రాకపోయేది, వెనక అట్ట తీసి వేలు పెడితె కాలుడే. అందుకే నేను ఈ హెడ్‌ఫోన్ ప్రీయాంప్ (పాట సిగ్నల్‌ను పెంచే చిన్న సర్క్యూట్) కిట్ తెప్పించి చూపిస్తె నాయిన అస్సలు నమ్మలే. "గిది వాల్వేందిరా, టేప్‌రికార్డర్ డిస్‌ప్లే లెక్కున్నది" అన్నడు.

నిజంగ ఆయన అన్నదే కరెక్టు. దీంట్ల ఉన్నది న్యూట్యూబ్ 6పీ1. జపాన్‌ల కోర్గ్, నోరిటాకే ఇట్రాన్ కంపెనీలు కలిసి 2015ల బయటపెట్టినయి. పాత వీసీఆర్‌లల్ల నీలం ఆకుపచ్చ కలిసినట్టు అంకెలు వెలిగేటివి సూడుండ్రి, ఆ డిస్‌ప్లే టెక్నిక్‌తోనే వాల్వు చేసిండ్రు, పల్సగ బిళ్ల లెక్క ఉంటది, లోపట రెండు ట్రయోడ్లు (సిగ్నల్‌ను పెంచే భాగాలు). మామూలు 12ఏఎక్స్7 వాల్వుకు హీటర్‌కే 12.6 వోల్టుల మీద 150 మిల్లీయాంప్‌లు కావాలె, అంటే దగ్గర దగ్గర 2 వాట్లు. దీనికి ఒక్కో ఫిలమెంట్‌కు (లోపటి సన్నటి తీగెకు) 0.7 వోల్టులు, 17 మిల్లీయాంప్‌లు, గంతే. పాత వాల్వుల ప్లేటుకు (ఎలక్ట్రాన్లను గుంజుకునే రేకుకు) 250 వోల్టులు ఇస్తరు, బంద్ చేసినంక గూడ కెపాసిటర్ల కరెంట్ ఉండి కొడ్తది, నాయినకు ఆ దెబ్బలు బాగ తెలుసు. ఇది నేను 12 వోల్టుల మీద నడిపిస్తున్న, ముట్టుకున్నా ఏం కాదు, చల్లగనే ఉంటది.

ఇగ కష్టం సంగతి. మొదటి రోజు పాట పెట్టుకొని కూసున్న, మా ఇంటామె చాయ్ గిలాస టేబుల్ మీద పెట్టింది, చెవుల్ల "ణంగ్‌ంగ్" అని గుడి గంట లెక్క మోగి మెల్లగ సాగింది. లోపట ఫిలమెంట్ వీణ తీగె లెక్క బిగిచ్చి ఉంటది, సన్నటి తీగె, చిన్న అదురుకే ఊగుతది, ఆ ఊగుడు పాటల కలుస్తది. దీన్ని మెత్తగ కూసోబెట్టాలె, కని కిట్ అమ్మినోడు నేరుగ బోర్డుకు టంకం ఏసేటట్టు డిజైన్ చేసిండు, మెయిల్ పెడితె జవాబు లేదు. చివరకు పాత హవాయి చెప్పు కోసి, ఆ రబ్బరు ముక్క మీద వాల్వు పండబెట్టి, సన్నటి మెత్తటి వైర్లతోని కలిపిన. నూటికి తొంభై వంతులు ఆ మోత పోయింది, మిక్సీ నడిస్తె మాత్రం ఇంకా వినపడ్తది.

ఇంకోటి, కిట్‌తో వచ్చిన అడాప్టర్ పెడితె సన్నగ కీచు సప్పుడు. యూపీఎస్‌ల వాడే 12 వోల్టుల బ్యాటరీ పెట్టిన, నిమ్మళమైంది. దీని గ్రిడ్ (పాట సిగ్నల్ ఇచ్చే జాలి) గూడ కొంత కరెంట్ గుంజుతది, అందుకే ముందు ఒక ఫెట్ బఫర్ (ఆ కరెంట్ అందించే ట్రాన్సిస్టర్ సర్క్యూట్) ఉండాల్సిందే, అది లేని బోర్డు చీప్‌గ దొరికినా తీసుకోకుండ్రి.

సౌండ్ ఎట్లున్నది అంటరా? ఘంటసాల గొంతు కొంచెం దగ్గరికి వచ్చినట్టు ఉంటది, గది నిండినట్టు. వాల్వు రెండో హార్మోనిక్ (అసలు స్వరానికి రెట్టింపు ఫ్రీక్వెన్సీ సప్పుడు) కలుపుతది కాబట్టి అట్ల అనిపిస్తది, రికార్డింగ్‌ల లేని డీటెయిల్ ఏమీ తేదు. చెవులు మారిపోతయి అని రాసేటోళ్లను నమ్మకుండ్రి. మంచి ఐసీ (చిప్పుతో చేసిన) యాంప్ సగం పైసలకే దొరుకుతది, కొలతల్ల దీనికంటె శుద్ధంగ ఉంటది.

సైజు తగ్గిచ్చే పని ఇంతటితో ఆగలే, అమెరికాల నాసా వాళ్ల ఏమ్స్ రీసెర్చ్ సెంటర్ వాళ్లు 2012ల 150 నానోమీటర్ల సందుతో వాల్వు లెక్క పనిచేసే ట్రాన్సిస్టర్ చూపిచ్చిండ్రు. అంత సన్నటి సందుల ఎలక్ట్రాన్ గాలికి తగలకముందే అవతలికి పోతదట, వాల్వుల లెక్క గాలి తీసేసుడే (వాక్యూమ్) అక్కర పడకపోవచ్చు. తీగె లేదు కాబట్టి ణంగ్ గూడ ఉండదనుకుంట.

నాది రోజుకు మూడు గంటల లెక్కన నాలుగు వేల గంటలు దాటింది. కంపెనీ చెప్పేది 30,000 గంటలు. వెలుగు ఏం తగ్గలే. వాల్యూమ్ పాట్ (సప్పుడు పెంచి తగ్గిచ్చే గుండీ) మాత్రం రెండో ఏడాదే గరగర పెట్టింది, మార్చిన. ఈసారి చెప్పు రబ్బరు గట్టిపడ్డట్టున్నది, కొత్త ముక్క కోయాలె.