శాతమా, కోటానా, సొంత మండలా? మైనారిటీ భాషకు ఏ చట్టం మేలు

"మీవాళ్లు ఇక్కడ ఎంతమంది?" భాషాపరమైన మైనారిటీ ఏ హక్కు అడిగినా ప్రభుత్వం ముందు వేసే ప్రశ్న ఇదే. జాతీయ మైనారిటీల రక్షణ కోసం ఐరోపా మండలి 1995లో తెచ్చిన ఒడంబడికలో కూడా జాతీయ మైనారిటీ అంటే ఎవరన్న నిర్వచనం లేదు. దాంతో ఏ దేశం లెక్క దానిదే అయింది. బడి, ఉద్యోగం, ఆఫీసులో జవాబు అన్నీ ఆ లెక్కను బట్టే వస్తాయి కాబట్టి, ఫిన్లాండ్, ఇటలీలో జర్మన్ మాట్లాడేవాళ్లు ఎక్కువున్న దక్షిణ టిరోల్, హంగరీ తలలు ఎలా లెక్కపెడతాయో పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఫిన్లాండ్‌లో 2004 జనవరి 1 నుంచి అమలవుతున్న భాషా చట్టానికి మున్సిపాలిటీయే కొలమానం. ఫిన్నిష్, స్వీడిష్‌లలో అక్కడ తక్కువమంది మాట్లాడే భాషవాళ్లు 8 శాతం ఉన్నా సరే, 3,000 మంది ఉన్నా సరే, ఆ ఊరు ద్విభాషా మున్సిపాలిటీ అవుతుంది. రెండింట్లో ఒక్కటి చాలు. లెక్క వేస్తే, 37,500 లోపు జనాభా ఉన్న ఊళ్లలో శాతం ఆదుకుంటుంది, అంతకు మించితే సంఖ్య ఆదుకుంటుంది. హెల్సింకీ, తుర్కులలో స్వీడిష్ మాట్లాడేవాళ్లు 8 శాతం లేరు. శాతం ఒక్కటే పట్టుకుని కూర్చుంటే ఈ రెండు నగరాల్లోనూ వాళ్ల హక్కు ఎప్పుడో పోయేది.

హోదా వచ్చే గీత, పోయే గీత వేరువేరుగా ఉండటం దీనిలో ఇంకో తెలివి. పదివేల జనాభా ఉన్న ఊరు ద్విభాషా మున్సిపాలిటీ కావాలంటే 800 మంది కావాలి. ఒకసారి అయ్యాక 790కి తగ్గినా, 610కి తగ్గినా హోదా పోదు. 600 కంటే, అంటే 6 శాతం కంటే దిగితేనే, అదీ ప్రభుత్వం పదేళ్లకోసారి జాబితా సవరించినప్పుడే పోతుంది. రెండు భాషల్లో బోర్డులు, దరఖాస్తులు, ఇద్దరితోనూ మాట్లాడగల గుమస్తాలు, వేరే బడి... ఇవన్నీ ఏర్పాటు చేయడానికి ఏళ్లు పడుతుంది. పది కుటుంబాలు వలసపోయాయని వాటిని ఊడబీకకుండా ఆ రెండు శాతాల తేడా అడ్డుకుంటుంది. పైగా, స్వీడిష్ వాళ్లే ఎక్కువున్న ఊళ్లో ఫిన్నిష్ వాళ్లకీ ఇదే సూత్రం వర్తిస్తుంది కాబట్టి ఎవరికో చేసిన ఉపకారంలా కనిపించదు.

లోపాలు లేవని కాదు. జనాభా రిజిస్టర్‌లో మనిషికి ఒక్క మాతృభాషే రాయాలి. తల్లి స్వీడిష్, తండ్రి ఫిన్నిష్ అయితే బిడ్డ ఏదో ఒక ఖాతాలోకే వెళ్తుంది. చట్టం హక్కు ఇస్తుంది కానీ, రాత్రి డ్యూటీకి స్వీడిష్ వచ్చిన నర్సును తెచ్చిపెట్టదు. ఉత్తరాది ఆదివాసీలైన సామీ ప్రజలకు చట్టమే వేరు. దాని బలమంతా వాళ్ల స్వస్థల ప్రాంతంలోనే, వాళ్లలో సగానికి పైగా ఉండేదేమో దాని బయట.

దక్షిణ టిరోల్‌లో గొడవ ఉద్యోగాల దగ్గర మొదలైంది. ముస్సోలినీ కాలంలో జర్మన్ బడులు మూయించారు, ప్రభుత్వ కొలువులు బయటినుంచి వచ్చిన ఇటాలియన్లకు పోయాయి. 1961లో బాంబులు పేలేదాకా వచ్చింది వ్యవహారం. 1972 స్వయంప్రతిపత్తి చట్టం అందుకు జవాబు: ప్రభుత్వ ఉద్యోగాలు భాషా వర్గాల దామాషాలో పంచుతారు. 2011 లెక్కల్లో జర్మన్ 69.41, ఇటాలియన్ 26.06, లాదిన్ (అక్కడి కొండ లోయల్లోని చిన్న భాష) 4.53 శాతం. అంటే వంద పోస్టుల్లో 69 జర్మన్ వర్గానికి. దానికి తోడు రెండు భాషలూ వచ్చని పరీక్ష పాసవ్వాలి. పన్నుల్లో దాదాపు పదింట తొమ్మిది వంతులు ఆ ప్రాంతానికే మిగులుతాయి. నా లెక్కన అసలు బలం కోటాది కాదు, ఆ డబ్బుది.

దీనికి మూల్యం, ప్రభుత్వ ఉద్యోగం కోరేవాళ్లూ, ఎన్నికల్లో నిలబడేవాళ్లూ తమ భాషా వర్గం రాసివ్వాలి. ఏ వర్గానికీ చెందనన్నవాళ్లు కూడా మూడింట్లో ఒకదానితో జతకట్టాలి. ఆ ప్రకటన ఇవ్వనన్నందుకు 1995లో అక్కడి రాజధాని బోల్జానో మేయర్ పదవికి గ్రీన్ పార్టీ నేత అలెగ్జాండర్ లాంగర్ అభ్యర్థిత్వాన్నే తిరస్కరించారు. భాషా పరీక్ష సర్టిఫికెట్ అక్కడిదే కావాలన్న షరతు కూడా 2000లో ఐరోపా సమాఖ్య న్యాయస్థానం ముందు నిలవలేదు.

హంగరీ 1993లో మూడో దారి పట్టింది: మైనారిటీలకు తమ భాష, సంస్కృతి పనులు చూసుకునే, ఎన్నికైన సొంత మండళ్లు. ఊళ్లలో చెల్లాచెదురుగా ఉన్నవాళ్లకు కాగితం మీద ఇదే బాగుంటుంది. కానీ మొదట్లో ఆ ఎన్నికల్లో ఎవరైనా ఓటేయొచ్చు, ఎవరైనా పోటీ చేయొచ్చు. 2002లో యాస్లాదాన్యి అనే ఊళ్లో రోమా (ఐరోపాలో తరతరాలుగా వివక్షకు గురైన జాతి) మండలిలోకి రోమాలు కానివాళ్లు గెలిచి వచ్చారు, వాళ్లలో మేయర్ భార్య ఒకరు! 2005లో ఓటర్ల నమోదు పెట్టారు. నమోదు చేసుకున్నవాళ్ల మాట నిజమా అని చూసే వీలు మాత్రం లేకపోయింది. 2011 చట్టం జనగణనతో ముడిపెట్టింది. అయినా రోమాల అసలు కష్టం మండలి జరిపే పాటల పండుగలాంటివాటితో తీరేది కాదు, అది బడిలో ఉంది. మామూలు రోమా పిల్లల్ని మానసిక వైకల్యం ఉన్నవాళ్ల బడుల్లో వేయడాన్ని ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం 2013లో తప్పుపట్టింది. మండలి చేతిలో ఉన్న అధికారం అంతదూరం పోదు.

ఏది మేలంటే, రోజువారీ సేవలకూ బడికీ నేను ఫిన్లాండ్‌కే ఓటేస్తాను. ఉద్యోగాల్లో ఒక వర్గాన్ని కావాలని బయట ఉంచిన చరిత్ర ఉంటేనే దక్షిణ టిరోల్ కోటా, అదీ గడువు పెట్టి. హంగరీ మండలి అదనంగా ఉండాలి తప్ప, మున్సిపాలిటీ బాధ్యతకు బదులుగా కాదు.

మన దగ్గరా తలల లెక్క ఉంది. 1949 నుంచీ ఉన్న సూత్రం ప్రకారం తరగతిలో 10 మందో, బడిలో 40 మందో ఉంటే మాతృభాషలో చెప్పే టీచరును ఇవ్వాలి. 1956లో 350ఎ అధికరణంతో ప్రాథమిక విద్యకు రాజ్యాంగ బలమూ వచ్చింది. హోసూరులో తెలుగు పిల్లలకైనా, మన రాష్ట్రాల్లో కన్నడ, మరాఠీ పిల్లలకైనా ఇదే కొలత. కానీ ఇందులో రెండో గీత లేదు. ఒక ఏడాది తరగతిలో తొమ్మిది మందే చేరి, బడి మొత్తంలో 40 నిండకపోతే టీచరు పోస్టుకు ఎసరు. టీచరు లేడని మరుసటి ఏడు నలుగురే చేరతారు. చేర్చడానికి 10, తీసేయడానికి 6 అని, అదీ వరుసగా మూడేళ్లు తగ్గితేనే అని రాసుకుంటే, దానికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, విద్యాశాఖ ఉత్తర్వు చాలు.