సయనోటైప్‌కి ఇల్ఫోర్డ్ ఎఫ్‌పీ4 ప్లస్: ఒక బాక్స్ ఖాళీ చేశాక చెప్తున్నా

సయనోటైప్ అంటే కెమికల్ పూసిన పేపర్ మీద నెగెటివ్ ఆనించి, ఎండలోని యూవీ (అతినీలలోహిత) కిరణాలతో నీలం బొమ్మ తీసే పద్ధతి. డిజిటల్ నెగెటివ్ (ప్రింటర్‌తో ప్లాస్టిక్ షీట్ మీద తీసుకునేది) కాకుండా నిజం ఫిల్మ్ పెట్టి సయనోటైప్ తీద్దామనుకునేవాళ్ళ కోసం ఈ రివ్యూ. ఇల్ఫోర్డ్ ఎఫ్‌పీ4 ప్లస్, 4×5 అంగుళాల షీట్లు, 25 ఉన్న బాక్స్, మొన్ననే అయిపోయింది.

దీనికి ముందు ఇంకో కంపెనీ 100 స్పీడ్ (వెలుగుకి ఫిల్మ్ ఎంత చురుగ్గా స్పందిస్తుందో చెప్పే అంకె) ఫిల్మ్ వాడా. గ్రెయిన్ కనపడదు, లైట్ బాక్స్ మీద పెడితే ఎంత ముద్దుగా ఉంటుందో, కానీ మేడ మీద అరగంట ఎండలో పెట్టినా కడిగేసరికి నీలమంతా నీళ్ళల్లోకి పోయేది. కెమికల్ పాడైందేమో అని మళ్ళీ కలిపా, పేపర్ మార్చా, పాపం వాటి తప్పేం లేదు. చివరికి ఏమీ తీయని ఖాళీ షీట్ ఒకటి డెవలప్ చేసి, కోట్ చేసిన పేపర్‌ని దాంతో సగం కప్పి ఎండలో పెట్టా. కడిగి చూస్తే ఫిల్మ్ లేని వైపు చిక్కటి నీలం, ఫిల్మ్ కింద వెలిసిపోయిన లుంగీ రంగు! కంటికి తేటగా కనపడే ఫిల్మే యూవీని మింగేస్తోంది. ఎన్‌లార్జర్ (బల్బు వెలుగుతో నెగెటివ్‌ని పెద్ద బొమ్మ చేసే మెషిన్) వాళ్ళకి యూవీతో పనిలేదు కాబట్టి ఈ గోల వాళ్ళకి తెలీదు.

ఎఫ్‌పీ4తో అదే టెస్ట్ చేస్తే రెండు వైపులకీ పెద్ద తేడా లేదు, మే ఎండలో 12 నిమిషాలకి ప్రింట్ వచ్చేస్తోంది. అయితే కంపెనీ చెప్పిన టైమ్‌కే డెవలప్ చేస్తే ప్రింట్ చప్పగా ఉంటుంది, మామూలు ప్రింట్‌కి సరిపోయే కాంట్రాస్ట్ దీనికి చాలదు. ఐడీ-11 డెవలపర్ 1+1లో (ఒక వంతుకి ఒక వంతు నీళ్ళు) 20 డిగ్రీలకి 11 నిమిషాలు అంటాడు వాడు, నేను 16 ఇస్తున్నా. ఫోటో తీసేటప్పుడు కూడా ఫిల్మ్ స్పీడ్ 125 బదులు 80 పెట్టుకుంటున్నా, నీడల్లో డీటెయిల్ మిగుల్తుంది. (మన ట్యాంక్ నీళ్ళని 20 డిగ్రీలకి దింపడానికి ఎంత ఐస్ పోశానో అడక్కండి.) పైరో డెవలపర్ (నెగెటివ్ మీద పసుపు మరక వదిలే రకం) అయితే ఆ మరక కూడా యూవీని ఆపి కాంట్రాస్ట్ పెంచుతుంది, అది ఇంకా ట్రై చేయలేదు.

మైనస్ అంటే రేటు, ఇంకా సైజు. కాంటాక్ట్ ప్రింట్ కాబట్టి నెగెటివ్ ఎంతో బొమ్మ అంతే, "ఇంత కష్టపడి ఇంతేనా నాన్నా" అంది అమ్మ. 35 ఎమ్‌ఎమ్ వాళ్ళు ఆలోచించుకోండి.

ఆ పాత ఫిల్మ్ ఇంకా 14 షీట్లు ఫ్రిజ్‌లో ఉన్నాయి, ఎన్‌లార్జర్ ఉన్నవాళ్ళెవరైనా అడిగితే ఇచ్చేస్తా.