పాత ల్యాప్‌టాప్‌కి లినక్స్ మింట్ 22: ఎంతవరకు నమ్మొచ్చు?

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ఇంటెల్‌లో కొన్ని మినహా 8వ తరం ప్రాసెసర్ నుంచే కుదురుతుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి వెళ్లి పాత 6వ, 7వ తరం ల్యాప్‌టాప్ కొనేవాళ్లకి విండోస్‌కి బదులు వేసుకునే ఉచిత ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ 22 మంచి దారి. సెక్యూరిటీ అప్‌డేట్లు 2029 దాకా వస్తాయి. 4 జీబీ ర్యామ్‌తో నడుస్తుంది, 8 ఉంటే హాయి.

ఓపెన్ సోర్స్ (కోడ్ అందరూ చూడగలిగేది) అయినంత మాత్రాన భద్రం అనుకోవద్దు. లినక్స్‌లో ఫైళ్లని కుదించే ఎక్స్‌జెడ్ యుటిల్స్ టూల్‌లో ఎవరో పెట్టిన బ్యాక్‌డోర్ (దొంగదారి) 2024 మార్చిలో బయటపడింది. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్ తవ్వబట్టి దొరికింది. కోడ్ తెరిచి ఉండటం ఆయనకి పనికొచ్చింది, కానీ అప్పటిదాకా ఎవరి కంటా పడలేదు. అటు ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగిన వానాక్రై వైరస్ వాడుకున్న విండోస్ లోపానికి మైక్రోసాఫ్ట్ 2017 మార్చిలోనే ప్యాచ్ ఇచ్చింది. మేలో దెబ్బతిన్నవి ఎక్కువగా అది వేసుకోని మెషిన్లే.

మింట్‌కీ మచ్చ ఉంది. 2016 ఫిబ్రవరిలో దాని వెబ్‌సైట్‌ని హ్యాక్ చేసి, డౌన్‌లోడ్ లింకుని కల్తీ ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ ఫైల్) వైపు తిప్పారు. సైట్ చేజిక్కించుకున్నవాడు ఫైల్ మారలేదని సరిచూసుకునే అక్కడి ఎస్‌హెచ్‌ఏ256 అంకెనీ మార్చగలడు కాబట్టి దాన్ని సరిచూస్తే చాలదు, ఫైల్ మింట్ వాళ్లదేనని చూపే జీపీజీ డిజిటల్ సంతకం కూడా చూడాలి.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అడ్వాన్స్‌డ్ ఫీచర్స్‌లో ఎల్‌వీఎం (డిస్క్ భాగాల్ని నిర్వహించే పద్ధతి) ఎంచుకుని, దాని కింద ఎన్‌క్రిప్షన్‌కి (పాస్‌వర్డ్ లేకుండా డిస్క్ చదవలేకుండా చేసేది) టిక్ పెట్టండి. ఇది మరిచిపోతే తర్వాత మళ్లీ మొదట్నుంచీ ఇన్‌స్టాల్ చేయడమే తేలిక. ఎన్‌క్రిప్షన్ లేని ల్యాప్‌టాప్ బస్సులో పోయిందంటే, డిస్క్ ఊడదీసి ఇంకో మెషిన్‌కి తగిలిస్తే ఫైళ్లన్నీ తెరుచుకుంటాయి, లాగిన్ పాస్‌వర్డ్ అడ్డం రాదు. ఫైర్‌వాల్ ఆఫ్‌లో వస్తుంది, ఆన్ చేయాలి. ఆటోమేటిక్ అప్‌డేట్లూ అంతే: అప్‌డేట్ మేనేజర్ ప్రిఫరెన్సెస్‌లో మీరే పెట్టుకోవాలి, అంతకుముందు టైమ్‌షిఫ్ట్ టూల్‌తో స్నాప్‌షాట్ (సిస్టమ్‌ని వెనక్కి తిప్పుకునే కాపీ) తీయాలి.

టాలీ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ మీద నడిచే బేగంబజార్ కొట్టుకి ఇది పనికిరాదు, ఆ సాఫ్ట్‌వేర్ విండోస్ కోసమే. అసలైన విండోస్ 11 ఉన్న కొత్త మెషిన్‌ని భద్రత కోసమని మార్చనక్కర్లేదు కూడా. అన్నిటికన్నా చెడ్డది పైరసీ విండోస్. దాన్ని లైసెన్స్ లేకుండా నడిపించే యాక్టివేటర్ నడవాలంటే చాలాసార్లు విండోస్ యాంటీవైరస్ డిఫెండర్‌ని ఆపమంటుంది, లేదా తన ఫోల్డర్‌ని స్కాన్ నుంచి తప్పిస్తుంది. పాత ల్యాప్‌టాప్‌కి డబ్బు కట్టేముందే విండోస్ సెక్యూరిటీలో ఎక్స్‌క్లూజన్స్ (స్కాన్ నుంచి తప్పించినవి) జాబితా తెరిపించండి. అందులో ఏ ఫోల్డర్ కనిపించినా, డిస్క్ మొత్తం తుడిచాకే వాడండి.