చలిలో కాంక్రీట్: వేడిగాలి హీటరా, హీటింగ్ కవరా?

గడ్డకట్టే చలిలో స్లాబ్ వేసిన కాంట్రాక్టర్‌కు ఆ రాత్రంతా టెన్షనే. ఉష్ణోగ్రత 5 డిగ్రీల లోపుకు పడిపోతే సిమెంట్ గట్టిపడటం బాగా నెమ్మదిస్తుంది. సుమారు 3.5 మెగాపాస్కల్ (కాంక్రీట్ బలాన్ని కొలిచే యూనిట్) బలం రాకముందే లోపలి నీరు గడ్డకడితే ఆ నష్టం మళ్లీ పూడదు.

పాత పద్ధతి, చుట్టూ టార్పాలిన్ కట్టి గ్యాస్ లేదా డీజిల్ హీటర్ పెట్టడం. కరెంటు లేని చోట ఇదే దిక్కు. కానీ వేడి పైకి లేచిపోతుంది, స్లాబ్‌కు అందేది తక్కువ. పొగగొట్టం లేని హీటరైతే ఇంకో తంటా. దాని కార్బన్ డయాక్సైడ్ తాజా కాంక్రీట్ పైపొరను బలహీనం చేస్తుంది, తర్వాత ఎంత ఊడ్చినా పొడి రాలుతూనే ఉంటుంది. కార్బన్ మోనాక్సైడ్ అయితే మనుషుల ప్రాణాలకే ముప్పు.

స్లాబ్‌పై దుప్పటిలా పరిచే, మడత పెట్టగలిగే ఎలక్ట్రిక్ హీటింగ్ కవర్, సైట్‌లో ఇలా విసిగిపోయిన కాంట్రాక్టర్‌కే తట్టే ఆలోచన. ఇందులో వేడి అనేది కాంక్రీట్‌ను ఆనుకునే పుడుతుంది, పైనున్న ఇన్సులేషన్ దాన్ని పోనివ్వదు. తడి చోటు కాబట్టి లీకేజీ కరెంటును ఆపే బ్రేకర్ తప్పనిసరి. కరెంటు ఉంటే నా ఓటు దీనికే. తీసేటప్పుడు మాత్రం ఒక్కసారిగా లాగేయకండి, పగుళ్లొస్తాయి. ముందు స్విచ్ ఆపి, స్లాబ్ మెల్లగా చల్లారాక తీయాలి.