బ్రాడీపేట ప్రైవేట్ థియేటర్‌లో జపాన్ సినిమాలు, మా రివ్యూ

గుంటూర్లో ప్రైవేట్ థియేటర్ అంటే కేకూ బెలూన్లూ అనే అనుకుంటారు అందరూ, బ్రాడీపేటలో మేడ మీదున్న ఇది కూడా అందుకే పెట్టారు, కానీ పాత జపాన్ సినిమాలు పెద్ద తెర మీద చూడాలనుకునేవాళ్ళకి మన ఊళ్ళో ఇంతకంటే మంచి దారి నాకైతే కనపళ్ళేదు. డెకరేషన్ వద్దని బుకింగ్ అప్పుడే చెప్తే ఆ డబ్బులు తగ్గిస్తారు, నలుగురైదుగురు పంచుకుంటే భారం కాదు, మన ల్యాప్‌టాప్ పెట్టుకోనిస్తారు.

మేం ముందు హరాకిరి వేసుకున్నాం. 1962లో మసాకి కొబయాషి తీసింది, బ్లాక్ అండ్ వైట్, స్కోప్ అంటే బాగా వెడల్పు బొమ్మ. యుద్ధాలు ఆగిపోయి, ప్రభువుల ఇళ్ళు మూతబడి, పని పోయిన సమురాయ్ యోధులు తిండికి అల్లాడే రోజులు. హీరో తత్సుయా నకడాయ్ ఒక ప్రభువు ఇంటి ముంగిట్లో ఒక్కడే కూర్చుని ఉంటాడు, చుట్టూ ఆ ఇంటి మనుషులు, ఇతనేమో తాపీగా తన కథ చెప్తుంటాడు, కత్తి దూసేది ఎప్పుడో చివర్లో, అయినా ఒళ్ళు బిగుసుకుపోయి కూర్చుంటాం. ఆ వెడల్పు ఫ్రేములో మనిషి ఎంత ఒంటరో ఫోన్లో చూస్తే తెలీదండి. వెదురు కత్తి సీన్ దగ్గర రూమ్‌లో ఒక్కళ్ళు కదల్లా.

ఇక్కడ కొన్ని గట్టిగా అడిగి చేయించుకోవాలి. స్టాఫ్ కుర్రాడు తెర నిండాలని జూమ్ చేసేశాడు, స్కోప్ సినిమాకి అలా చేస్తే రెండు పక్కలా ఉన్నవాళ్ళు ఎగిరిపోతారు, పైనా కిందా నల్ల పట్టీలుంటేనే కరెక్టు అని చెప్తే వెంటనే మార్చాడు, మంచి కుర్రాడు. గోడల మీద రంగు లైట్లు ఆపించండి, లేకపోతే నలుపంతా బూడిద రంగైపోతుంది. సౌండ్‌లో బాస్ కూడా తగ్గించమనండి, హరాకిరికి తకెమిత్సు ఇచ్చిన సంగీతంలో ఒక్క తీగ మోగితే చాలు, దానికి సబ్‌వూఫర్ దేనికి. సీట్లు బావున్నాయి, ఏసీ మాత్రం మరీ చలి.

తర్వాత 1973 నాటి బాటిల్స్ వితౌట్ హానర్ అండ్ హ్యుమానిటీ, కింజి ఫుకసాకుది. సమురాయ్ సినిమాలో నిలకడగా ఉండే కెమెరా ఇక్కడ చేత్తో పట్టుకుని గుంపులోకి దూరిపోతుంది, యుద్ధం ఓడిపోయాక హిరోషిమా దగ్గర కురే ఊళ్ళో దొంగ బజారు, అందులోంచి పుట్టిన గ్యాంగులు, ఒకడు చచ్చినప్పుడల్లా బొమ్మ ఆగి పేరు పడుతుంది. పెద్దాయనల కోసం కుర్రాళ్ళు చచ్చిపోవడం, పెద్దాయనలేమో రాజీ పడిపోవడం. బెజవాడ గ్రూపుల గొడవలు ఇంట్లో పెద్దవాళ్ళ నోట విన్నవాళ్ళకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లా, మా బెజవాడ బావైతే "ఇది మనోళ్ళ కథేరా" అని పక్కనే అంటానే ఉన్నాడు. మనుషులు బోలెడుమంది, పేర్లు కలిసిపోతాయి, సబ్‌టైటిల్స్ పెద్ద సైజు పెట్టుకోండి.

అదే ఏడాది వచ్చిన లేడీ స్నోబ్లడ్ కూడా చూశాం, హీరోయిన్ మెయికో కాజి కళ్ళ కోసమే చూడొచ్చు, రక్తం మాత్రం బాగా ఎక్కువ కాబట్టి పిల్లల్ని తీసుకెళ్ళొద్దు. ప్రొజెక్టర్ ఎరుపుని కొంచెం ముద్దగా చూపిస్తోంది, ఓనర్‌గారు ఆ సెట్టింగ్ సరిచేయిస్తే బావుంటుంది.

సెవెన్ సమురాయ్ వేసుకోవాలంటే ఒక్క స్లాట్ చాలదు, స్లాట్ మూడు గంటలు, సినిమా 207 నిమిషాలు. వీక్‌డేస్‌లో ముందు రోజు ఫోన్ చేస్తే ఎక్స్‌ట్రా టైమ్ ఇస్తామన్నారు, ఆదివారం మాత్రం బర్త్‌డేలతో అస్సలు ఖాళీ ఉండదట.