ఆర్క్ ఫ్లాష్ రిస్క్: టేబుల్ చాలుతుందా, లెక్క కట్టించాలా? ఏది మేలు?

మధ్యతరహా ఫ్యాక్టరీ అంటే సాధారణంగా 11 కేవీ లైను, 1000 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్, దాని వెనక 433 వోల్టుల ఎల్‌టీ (లో టెన్షన్) ప్యానెల్. ఆ ప్యానెల్ తలుపు తీసే ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి: షాక్ కొట్టే ప్రమాదం ఎంత, లోపల ఆర్క్ (గాలిలోంచి కరెంటు దూకి లేచే మంట) లేస్తే మనిషి మీద పడే వేడి ఎంత. మొదటిది మనవాళ్లకు బాగానే తెలుసు. పేచీ అంతా రెండో దానితోనే. దాన్ని తేల్చడానికి రెండు దారులున్నాయి. అమెరికా స్టాండర్డ్ ఎన్‌ఎఫ్‌పీఏ 70ఈలో ఉన్న టేబుల్ చూసి వేసుకోవాల్సిన రక్షణ బట్టల కేటగిరీ తీసుకోవడం ఒకటి. ఐఈఈఈ 1584 ప్రకారం ఇన్సిడెంట్ ఎనర్జీ (మనిషి మీద పడే వేడి) లెక్క కట్టించడం రెండోది.

ఈ రెండూ షట్‌డౌన్‌కు బదులు కావు. ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే సప్లై ఆపి పనికి ఇచ్చే అనుమతి) దొరికే పనికి ఎల్‌సీయే తీసుకోవాలి, అందులో చర్చే లేదు. అయితే బ్రేకర్ ఆఫ్ చేసి, తాళం వేసి, మూడు ఫేజులూ టెస్ట్ చేసి సప్లై లేదని రూఢి అయ్యేదాకా ఆ ప్యానెల్ లైవ్ కిందే లెక్క. టెస్ట్ చేసే ఆ కాసేపటికైనా ఒంటి మీద ఏం ఉండాలో ముందే తెలియాలి కదా.

టేబుల్ సంగతి చూద్దాం. ఖర్చు లేదు, సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. 600 వోల్టుల తరగతి ఎంసీసీకి (మోటార్లను నడిపే ప్యానెల్‌కు) ఒక వరుసలో కేటగిరీ 2, ఆర్క్ ఫ్లాష్ బౌండరీ (సూటు లేకుండా దాటకూడని దూరం) 1.5 మీటర్లు అని ఉంటుంది. కేటగిరీ 2 అంటే చదరపు సెంటీమీటరుకు కనీసం 8 క్యాలరీలు తట్టుకునే బట్టలు. ఇక్కడిదాకా అందరూ చదువుతారు. అదే వరుసలో ఉన్న షరతులు మాత్రం చాలామంది చదవరు: ఫాల్ట్ కరెంటు (షార్ట్ సర్క్యూట్ అయితే పారే కరెంటు) 65 కిలో ఆంపియర్లు మించకూడదు, ఫాల్ట్ 0.03 సెకన్లలో క్లియర్ కావాలి (అంటే కరెంటు తెగిపోవాలి), పనిచేసే మనిషి కనీసం 455 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి. అదే ఎంసీసీకి క్లియరింగ్ టైము 0.33 సెకన్ల దాకా, ఫాల్ట్ 42 కిలో ఆంపియర్ల దాకా అయితే వరుస మారిపోతుంది. కేటగిరీ 4, అంటే 40 క్యాలరీల సూటు, బౌండరీ 4.3 మీటర్లు. ప్యానెల్ అదే, మనిషీ అతడే. మారిందల్లా ట్రిప్ అయ్యే టైమే.

ఇంకో చిన్న మెలిక ఉంది. టేబుల్‌లో 0.03 సెకన్ల పక్కన 2 సైకిల్స్ అని రాసి ఉంటుంది. అది 60 హెర్ట్జ్ లెక్క. మన 50 హెర్ట్జ్‌లో 2 సైకిల్స్ అంటే 0.04 సెకన్లు, అంటే షరతు దాటిపోయినట్టే. కాబట్టి సైకిల్స్ జోలికి పోకుండా సెకన్లే చూసుకోవాలి.

ఫాల్ట్ కరెంటు కనుక్కోవడం పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. 1000 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌కు 433 వోల్టుల దగ్గర ఫుల్ లోడ్ కరెంటు దాదాపు 1,333 ఆంపియర్లు. నేమ్ ప్లేట్ మీద ఇంపీడెన్స్ 5 శాతం ఉంటే 0.05తో భాగించండి: సుమారు 26.7 కిలో ఆంపియర్లు. మోటార్ల వాటా ఇందులో కలపలేదు, అయినా ఏ వరుసలో పడతామో అంచనాకు ఇది చాలు. కష్టమంతా క్లియరింగ్ టైముతోనే. దానికి బ్రేకర్ సెట్టింగులు తెలియాలి, దాని కర్వ్ (ఎంత కరెంటుకు ఎంతసేపట్లో ట్రిప్ అవుతుందో చూపే గీత) చదవడం రావాలి. అది రాని చోట టేబుల్ చూడటం ఉత్త ఊహ కిందికే వస్తుంది.

లెక్క కట్టించాలంటే పని ఎక్కువ. సింగిల్ లైన్ డయాగ్రామ్, కేబుల్ పొడవులు, రిలే సెట్టింగులు అన్నీ కావాలి. 2018లో సవరించిన ఐఈఈఈ 1584లో ప్యానెల్ పెట్టె కొలతలు, బస్‌బార్లు నిలువుగా ఉన్నాయా మనిషి వైపు చూస్తున్నాయా అన్నదీ ఇవ్వాలి. ఈటాప్ లాంటి సాఫ్ట్‌వేర్, దాన్ని నడిపే మనిషి, ఫీజు... చిన్న యూనిట్‌కు ఇది భారమే. అయినా టేబుల్ ఎప్పటికీ చెప్పని రెండు సంగతులు ఇందులో బయటపడతాయి.

ఒకటి, కరెంటు తక్కువైతే ప్రమాదం తక్కువని కాదు. ఎల్‌టీలో ఆర్క్ కరెంటు బోల్టెడ్ ఫాల్ట్ (లోహం లోహానికి గట్టిగా తగిలిన షార్ట్) కంటే బాగా తక్కువ ఉంటుంది. అది బ్రేకర్ ఇన్‌స్టంటేనియస్ (వెంటనే ట్రిప్ చేసే) సెట్టింగు కిందికి జారితే ట్రిప్ ఆలస్యమవుతుంది. మండే సేపు పెరిగిన కొద్దీ ఎనర్జీ అదే నిష్పత్తిలో పెరుగుతుంది. 0.1 సెకనుకు 8 క్యాలరీలు వచ్చే చోట 0.3 సెకన్లయితే 24. అందుకే తగ్గించిన ఆర్క్ కరెంటుతో కూడా మరోసారి లెక్క చూడమంటారు. రెండోది, తిరగేసి చూస్తే అదే మనకు మేలు: పని జరిగేంతసేపు బ్రేకర్ ట్రిప్ డిలే తగ్గించి పెడితే ఎంత ఎనర్జీ తగ్గుతుందో లెక్క చూపిస్తుంది. సూటు కొనే ముందు సెట్టింగు మార్చే దారి ఉందో లేదో దీనివల్లే తెలిసేది.

నన్నడిగితే, ఎంసీసీబీ (చిన్న పెట్టె బ్రేకర్) ఫీడర్ల వెనక ఉన్న చిన్న ప్యానెళ్లకు టేబుల్ చాలు, షరతులు కుదిరాయని కాగితం మీద రాసి పెట్టుకుంటే. మెయిన్ ఇన్‌కమర్ (ప్యానెల్‌లోకి సప్లై వచ్చే మొదటి బ్రేకర్) దగ్గర మాత్రం టేబుల్‌ను నమ్మను. ట్రాన్స్‌ఫార్మర్ ఎల్‌టీ టెర్మినల్స్ నుంచి ఇన్‌కమర్ ఏసీబీ (ఎయిర్ సర్క్యూట్ బ్రేకర్) పైవైపు దాకా ఆర్క్ లేస్తే ఆ ఏసీబీ ఏమీ చేయలేదు, ఆపాల్సింది హెచ్‌టీ (11 కేవీ) వైపే. ఎల్‌టీలో 15 కిలో ఆంపియర్లు మండుతున్నా 11 కేవీ వైపు కనిపించేది 590 ఆంపియర్ల దగ్గరే. అక్కడ డీపీ స్ట్రక్చర్ (రెండు స్తంభాల గద్దె) మీద హెచ్‌జీ (హార్న్ గ్యాప్) ఫ్యూజ్ తప్ప ఇంకేమీ లేని యూనిట్లున్నాయి. ఆ ఫ్యూజ్ ఎప్పుడు తెగుతుందో చెప్పలేం, దాన్ని నమ్మి టేబుల్‌లో ఏ వరుసా ఎంచుకోలేం. ఆ చోట లెక్క కట్టించాలి, లేదా ఏబీ స్విచ్ (11 కేవీ లైనును విడదీసే స్విచ్) ఆఫ్ చేయించి 11 కేవీ నుంచే ఎల్‌సీ తీసుకోవాలి. లెక్క కట్టించే స్థోమత లేని యూనిట్‌కు రెండోదే సరైనది, చవక కూడా.

థర్మోగ్రఫీ (కెమెరాతో వేడి చూసే పరీక్ష) చేసేవాళ్లకు ఒక మాట. దూరంగా నిలబడి కెమెరాతో చూడటాన్ని 70ఈ ఆర్క్ లేచే పనిగా లెక్కించదు. కెమెరా కోసం బోల్టులు విప్పి కవర్ తీయడాన్ని మాత్రం లెక్కిస్తుంది. సూటు వేసుకోవాల్సింది కవర్ తీసేవాడు, మన దగ్గర ఆ పని ఎక్కువగా హెల్పరుకు చెబుతాం.

ఇక షాక్ లెక్క పూర్తిగా వేరు. 40 క్యాలరీల సూటు వేసుకున్నా షాక్ కొడుతుంది. 415 వోల్టులకు బయటికి కనిపించే లైవ్ భాగానికి 300 మిల్లీమీటర్ల లోపలికి చెయ్యి పోతే రబ్బరు గ్లోవ్స్ ఉండాలి, 500 వోల్టుల దాకా క్లాస్ 00 సరిపోతుంది. వాటి మీద తోలు గ్లోవ్స్ తొడగాలి. వేసుకునే ముందు గాలి నింపి, చిల్లి ఉందేమో చూడాలి.

రెండు పద్ధతులనూ ఒకే ప్యానెల్ మీద కలపకూడదు. లెక్కలో వచ్చిన 6 క్యాలరీలు పట్టుకుని టేబుల్‌లోని కేటగిరీ 2 అని లేబుల్ మీద రాయడం తప్పు, ఏదో ఒకటే ఉండాలి. లెక్క కట్టించిన చోట కనీసం ఐదేళ్లకోసారి సరిచూడాలని 70ఈ అంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ 500 నుంచి 1000 కేవీఏకు మార్చినా, ఎవరో ఏసీబీ డిలే పెంచినా ఐదేళ్ల దాకా ఆగకుండా పాత లేబుల్ పీకేసి లెక్క మళ్లీ కట్టించాలి.